పేరు మరచిన ఇల్లాలు: ఒక కథ, కొన్ని ప్రశ్నలు

ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ వినని పిల్లలు తెలుగునాట అరుదు. పి. సత్యవతి తన ‘ఇల్లలకగానే’ కథలో ఆ ఈగ స్థానంలో ఒక ఇల్లాలిని నిలిపారు. చదువులో రాణించిన యువతి పెళ్ళయ్యాక ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిపోయి, ఒకనాడు తన పేరే మరచిపోతుంది. పిల్లలకు ఆమె అమ్మ, పనిమనిషికి అమ్మగారు. పుట్టింటికి వెళ్ళి సర్టిఫికెట్లు వెతుకుతుంది. చివరకు పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తేగాని పేరు గుర్తుకు రాదు.

భర్తను క్రూరుడిగా చిత్రించకపోవడం ఈ కథకు బలం. తప్పు ఒక మనిషిది కాదు, అలవాటుది. అయితే కథ ఈ మరపును పెళ్ళితో మొదలుపెట్టింది. శారద బాల్యంలో చదువు ఉంది, మెప్పు ఉంది. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు వంటి ఊళ్ళలో, పేద ఇళ్ళలోని ఎందరో ఆడపిల్లల సంగతి అలా కాదు. పలకతోపాటే చీపురు చేతికి వస్తుంది. అక్క అంట్లు తోముతుంటే తమ్ముడు బంతి ఆడుకుంటాడు. ఆమె నేర్చుకునేది పని. అతడు నేర్చుకునేది ఆ పని తనది కాదని. రెండవ పాఠమే ఎక్కువ హానికరం. దానిని కథ స్పృశించలేదు.

ఇది ఊహ కాదు. ఆరేళ్ళు పైబడిన వారిపై 2019లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే ఉదహరించి, గృహిణి శ్రమకు ఆర్థిక విలువ ఉందని స్పష్టం చేశారు. మరణించాక లెక్కకు వచ్చిన శ్రమ బ్రతికుండగా ఎందుకు రాదు?

మనలో కొందరు దీనికి హజ్రత్ ఫాతిమా (రజి) సహనాన్ని జవాబుగా చూపుతారు. తిరగలి విసరి ఆమె చేతులు కాయలు కాచిన మాట నిజమే. కాని దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో తోడ్పడేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి బుఖారీలో ఉంది. మొదటి హదీసును కూతుళ్ళకు వినిపించి, రెండవదానిని కొడుకుల దగ్గర దాచడం న్యాయమా? ఇంటిపని భార్యకు విధి అవునా కాదా అన్న విషయంలో ఫిఖ్‌హ్ పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. సంతానం మధ్య న్యాయం పాటించమన్న ఆదేశం మాత్రం సుస్పష్టం. ఒక తండ్రి ఒక్క కొడుక్కే కానుక ఇవ్వబోతే, అందుకు సాక్షిగా ఉండటానికి దైవప్రవక్త (స) నిరాకరించారు. విశ్రాంతి కానుక కాదా? ఆటకు దొరికే సాయంత్రం కానుక కాదా?

శారదకు పేరు దొరికింది; పనిని పంచుకునే చేతుల ప్రశ్న మిగిలిపోయింది. ఇల్లలకగానే పండగ కాదన్నది పాత సామెత. అలికే చేతులు ఎప్పుడూ ఒకరివే అయితే, ఆ ఇంట పండగ సగం మందికే. ఈ కథను ఆడపిల్లలకు చదివి వినిపిస్తే సరిపోదు. మగపిల్లలను పక్కన కూర్చోబెట్టి వినిపించాలి.