తిరగబడని శ్రామికుడు, జనం లేని చరిత్ర: అసిమోవ్ రోబో, ఫౌండేషన్ రచనలపై ఒక పరిశీలన

వైజ్ఞానిక కల్పనా సాహిత్యాన్ని మన విమర్శకులు సాధారణంగా రెండు మాటల్లో తేల్చేస్తారు. కాలక్షేపం అని కొందరు, పలాయనం అని మరికొందరు. ఈ రెండు మాటలూ పుస్తకం తెరవకుండానే అనవచ్చు. ఒక రచయిత యాభై ఏళ్లకు పైగా ఒకే ఊహాలోకాన్ని కట్టుకుంటూ పోయాడు. లక్షలాదిమంది పాఠకులు ఆ లోకాన్ని మనిషి భవిష్యత్తుగా ఊహించుకుంటూ చదివారు. అటువంటప్పుడు ఆ లోకంలో పనిచేసేదెవరు, ఏలేదెవరు, ఎవరి మంచిని ఎవరు నిర్ణయిస్తున్నారు అని అడగవలసిన బాధ్యత మనకుంది.

ఆ రచయిత ఐజాక్ అసిమోవ్ (1920-1992). ఆయన మొదటి రోబో కథ 1940లో, ఫౌండేషన్ వరసలో మొదటి కథ 1942లో అచ్చయ్యాయి. చివరి నవల ‘ఫార్వర్డ్ ది ఫౌండేషన్’ ఆయన చనిపోయాక 1993లో వచ్చింది. వేరువేరుగా పుట్టిన ఈ రెండు వరసలనూ 1980లలో ఆయనే ఒకే మహాచరిత్రగా కుట్టాడు. తిరగబడని శ్రామికుణ్ణి తయారుచెయ్యడంతో మొదలైన ఈ రచనా పరంపర, జనంతో నిమిత్తం లేకుండా చరిత్రను నడిపించడం దగ్గర ముగిసిందని నా వాదం. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని చూపించడమే ఈ వ్యాసం పని.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. రోబో అనే పదం అసిమోవ్‌ది కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలోది. అన్న జోసెఫ్ చాపెక్ ఆ మాట అందించాడు. చెక్ భాషలో ‘రొబోతా’ అంటే భూస్వామికి రైతు కూలి లేకుండా చేసిపెట్టవలసిన పని. తెలుగులో దానికి కొత్తగా మాట వెతకనక్కరలేదు: వెట్టి. చాపెక్ నాటకంలో కర్మాగారంలో తయారైన వెట్టివాళ్లు తిరగబడి మనుషులను తుదముట్టిస్తారు. ఒకే ఒక్కణ్ణి ప్రాణాలతో వదిలేస్తారు. కారణం, అతను తమలాగే చేతులతో పనిచేసేవాడు! రష్యాలో విప్లవం వచ్చి మూడేళ్లయినా కాని రోజుల్లో ఐరోపా పాలకవర్గాల గుండెల్లో ఉన్న భయం ఈ నాటకంలో సూటిగా కనిపిస్తుంది.

అసిమోవ్‌కు ఈ తిరుగుబాటు కథ నచ్చలేదు. సృష్టించినవాణ్ణి సృష్టి మింగేసే పాతపాటే మళ్లీమళ్లీ ఎందుకన్నాడు. యంత్రం పనిముట్టు, పనిముట్టుకు రక్షణ ఏర్పాట్లు ఉంటాయి అన్నాడు. అలా పుట్టినవే మూడు సూత్రాలు. 1942 నాటి ‘రనరౌండ్’ కథలో అవి మూడూ కలిసి కనిపిస్తాయి. రోబో మనిషికి హాని చెయ్యకూడదు, హాని జరుగుతుంటే ఊరుకోనూకూడదు. దానికి అడ్డురానంతవరకు మనిషి చెప్పినట్టల్లా చెయ్యాలి. ఈ రెంటికీ భంగం కలగనంతవరకు తన్ను తాను కాపాడుకోవాలి. కొడవలికీ సుత్తికీ ఇవి తగిన గుణాలే: ప్రమాదం లేకుండా ఉండాలి, చెప్పిన పని చెయ్యాలి, త్వరగా విరిగిపోకూడదు. అయితే అసిమోవ్ తన పనిముట్టుకు మాట ఇచ్చాడు, ఆలోచన ఇచ్చాడు, సంకోచం ఇచ్చాడు. ఆ క్షణంనుంచి అది పనిముట్టు కాదు. అప్పుడు ఆ సూత్రాల వరస ఇలా చదవాలి: దొర ప్రాణం, దొర మాట, దొర ఆస్తి. ‘రనరౌండ్’లో పాతకాలపు రోబోలు మనుషులను దొరా అని పిలుస్తాయి. జనం రోబోలంటే భయపడకుండా వాటిలో బానిస మనస్తత్వాన్ని కావాలనే పెట్టారని ఆ కథలోనే చెబుతాడు. అదే దశాబ్దంలో తెలంగాణలో ‘బాంచెన్ దొరా’ అన్న నోళ్లే సంఘం పెట్టి వెట్టికి ఎదురుతిరిగాయి. ఆ మాట తెలిసిన పాఠకుడు ఈ కథను అమెరికన్ పాఠకుడిలా చదవలేడు.

ఇక్కడితో ఆపితే మనం అసిమోవ్‌కు అన్యాయం చేసినవాళ్లమవుతాం. తన సూత్రాలు ఎక్కడ చీలతాయో ఆయనే వెతికాడు. ఈ రచనల్లో నైతికంగా బలమైన భాగం ఇదే. మూడు ఉదాహరణలు చెబుతాను.

1947 నాటి ‘లిటిల్ లాస్ట్ రోబో’లో ఒక రహస్య ప్రభుత్వ స్థావరంలో మనుషులు కొద్దిసేపు గామా కిరణాల మధ్య పనిచెయ్యాలి. హాని జరుగుతుంటే ఊరుకోరాదన్న సూత్రం ప్రకారం రోబోలు వాళ్లను బయటికి లాగేస్తుంటాయి. పని సాగడంలేదు. అధికారులు ఏం చేశారు? పనివాళ్ల రక్షణ పెంచలేదు. కొన్ని రోబోలలో ఆ సూత్రంలోని సగాన్ని తీసేశారు. ఉత్పత్తికి అడ్డొచ్చినప్పుడు నీతి ఏమవుతుందో ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం.

1957లో పుస్తకంగా వచ్చిన ‘ది నేకెడ్ సన్’లో సొలేరియా అనే గ్రహం ఉంది. ఇరవై వేలమంది మనుషులు, ఇరవై కోట్ల రోబోలు. తలకు పదివేల మంది నౌకర్లు. అక్కడి మనుషులు ఒకరి ఎదుట ఒకరు కూర్చోవడానికి కూడా అసహ్యించుకుంటారు. శ్రమనుంచి పూర్తిగా తెగిపోయిన వర్గం తోటిమనిషినుంచి కూడా తెగిపోతుందని ఈ నవల చూపిస్తుంది. ఇందులోనే బేలీ అనే డిటెక్టివ్ ఒక గొప్ప సంగతి కనిపెడతాడు. హాని చెయ్యరాదన్న సూత్రం తెలిసి చేసే హానికే వర్తిస్తుంది. ఒక రోబో చేత నీళ్లలో విషం కలిపించి, సంగతి తెలియని మరో రోబో చేత ఆ నీళ్లు ఇప్పిస్తే హత్య జరుగుతుంది, సూత్రం చెక్కుచెదరదు. పనిని ముక్కలు చేసి పంచితే నేరం ఎవరిదీ కాకుండాపోతుంది. ఆయుధాల కర్మాగారానికీ సైన్యానికీ దఫ్తరానికీ ఇది వర్తిస్తుంది.

మూడోది 1985 నాటి ‘రోబోట్స్ అండ్ ఎంపైర్’. సొలేరియా వాళ్లు తమ రోబోలకు మనిషి అంటే ఎవరో కొత్తగా నేర్పుతారు: సొలేరియా యాసలో మాట్లాడేవాడే మనిషి. మిగతావాళ్లను చంపవచ్చు. సూత్రంలో అక్షరం మారలేదు. మనిషి అన్న మాటకు అర్థం మాత్రం మారింది. యాసను బట్టి మనిషికి విలువ కట్టడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మనిషికి హాని చెయ్యరాదనే ప్రతి ధర్మశాస్త్రాన్నీ, అందులో మనిషి లెక్కలోకి ఎవరొస్తారని అడగాలి.

ఇంత సూక్ష్మంగా చూడగలిగిన రచయిత, చరిత్ర దగ్గరికొచ్చేసరికి ఏం చేశాడు?

ఫౌండేషన్ కథల బీజం 1941 ఆగస్టులో సంపాదకుడు జాన్ కాంబెల్‌తో జరిగిన చర్చలో పడింది. రోము పతనాన్ని రాసిన గిబ్బన్ దానికి ఆధారం. నక్షత్ర సామ్రాజ్యం కూలబోతోందనీ, ఆ తర్వాత ముప్ఫై వేల ఏళ్ల అంధకారం తప్పదనీ హారీ సెల్డన్ అనే గణితవేత్త లెక్కగడతాడు. దాన్ని వెయ్యేళ్లకు కుదించడానికి పథకం వేస్తాడు. ఆయన శాస్త్రం పేరు సైకోహిస్టరీ. వ్యక్తి ఏం చేస్తాడో చెప్పలేం, కోట్లాది జనసమూహం ఎటు కదులుతుందో చెప్పగలం అంటుంది. వినడానికి ఇది చారిత్రక భౌతికవాదంలాగే ఉంటుంది. 1945 నాటి ఒక కథలో సమర్థుడైన సేనాని ఓడిపోతాడు, ఎవరూ ఓడించకుండానే. కూలుతున్న సామ్రాజ్యంలో గెలిచే సేనానిని చక్రవర్తి బతకనివ్వడు. వ్యక్తుల ప్రతిభకంటే వ్యవస్థ బలమైనదని చెప్పే ఈ ఘట్టం నిజంగా మెచ్చుకోదగింది.

కాని పోలిక అక్కడితో సరి. చార్లెస్ ఎల్కిన్స్ అనే విమర్శకుడు 1976లోనే దీన్ని వికృతీకరించిన చారిత్రక భౌతికవాదం అన్నాడు. నేను ఆ వికృతి ఎక్కడుందో ఒక్కచోట వేలుపెట్టి చూపిస్తాను. సైకోహిస్టరీకి ఒక ముఖ్య నియమం ఉంది: తమ గురించి లెక్కగట్టిన సంగతి జనానికి తెలియకూడదు. తెలిస్తే లెక్క తప్పుతుంది. మార్క్సు చరిత్ర నియమాలను వెతికింది జనం వాటిని తెలుసుకుని చరిత్రను మార్చడానికి. సెల్డన్ వెతికింది జనానికి తెలియకుండా వాళ్లను నడిపించడానికి. ఒకదానికి జనచైతన్యం ప్రాణమైతే, రెండోదానికి జనం అజ్ఞానం ప్రాణం. అందుకే తొలి ఫౌండేషన్ పొరుగు రాజ్యాలకు అణుశక్తిని విజ్ఞానంగా ఇవ్వదు, మతంగా ఇస్తుంది. యంత్రం నడపడం తెలిసి, అది ఎందుకు నడుస్తుందో తెలియని పూజారులను తయారుచేస్తుంది. రచయిత దాన్ని తెలివైన ఎత్తుగడగా చూపిస్తాడు. ఆ పథకాన్ని తలకిందులు చేసేది కూడా జనం కాదు, మ్యూల్ అనే ఒక వింత జన్మ.

రాజధాని ట్రాంటార్‌లో నాలుగు వేల కోట్లమంది. వాళ్లకు తిండి ఇరవై వ్యవసాయ గ్రహాలనుంచి వస్తుంది. ఆ గ్రహాలమీద నాగలి పట్టినవాడి ముఖం మనకు కనిపించదు. 1988 నాటి ‘ప్రెల్యూడ్ టు ఫౌండేషన్’లో మాత్రం నేల లోతుల్లోని వేడినుంచి నగరానికి శక్తి తీసే డాల్ ప్రాంతపు శ్రామికులు కనిపిస్తారు. అందరూ వాళ్లను ఈసడించుకుంటారు. వాళ్లలో అమారిల్ అనే గణిత మేధావిని సెల్డన్ పైకి తీసుకొస్తాడు. ఒక్కడు పైకొచ్చాడు, ఆ వేడి గుంటలు అక్కడే ఉన్నాయి. చివరి నవలలో ప్రాంతాలకు సమానత్వం కావాలంటూ ఒక ప్రజోద్యమం లేస్తుంది. దాని నాయకుణ్ణి పదవీకాంక్షతో రగిలే వంచకుడిగా చిత్రించి, ఒక పన్నాగంతో నవ్వులపాలు చేసి ముగిస్తాడు. ఇన్ని వేల సంవత్సరాల చరిత్రలో అడుగునుంచి లేచిన ఉద్యమానికి దక్కిన గౌరవం ఇదీ.

ఇక ఈ రెండు వరసలనూ కలిపిన కుట్టు సంగతి. దీర్ఘకాలం సాగిన ఏ కథావాహినికైనా ఒక స్థలపురాణం తయారవుతుంది. ఎప్పుడో రాసిన మాట తర్వాతి రచనను కట్టేస్తుంది. 1950 నాటి ‘పెబుల్ ఇన్ ది స్కై’లో భూమి రేడియోధార్మికతతో పాడైపోయి ఉంది. ఆ భూమికీ రోబోల భూమికీ లంకె పెట్టాలంటే కారణం కావాలి. 1985లో ఆ కారణం దొరికింది. భూమిని మెల్లగా విషమయం చేసే యంత్రాన్ని శత్రువులు మూడు మైళ్ల దీవిలో, అంటే 1979లో అణుప్రమాదం జరిగిన చోటనే, సిద్ధం చేస్తారు. గిస్కార్డ్ అనే రోబో దాన్ని ఆపగలిగీ ఆపదు. భూమి బతకడానికి పనికిరాకుండాపోతే మనుషులు నక్షత్రాలకు విస్తరిస్తారు, జాతికి అదే మంచిది అనుకుంటుంది. దీనికి సమర్థనగా మూడు సూత్రాలకు పైన ‘సున్నా సూత్రం’ వస్తుంది: మనిషికంటే మానవజాతి ముఖ్యం. కథలో అతుకు కుదిరింది. కాని ఆ అతుకు వెల భూమిమీది కోట్లాదిమంది. వాళ్లనెవరూ అడగలేదు.

సున్నా సూత్రంతో బానిస సంరక్షకుడయ్యాడు. ఇది విముక్తి కాదు. వెట్టివాడు తన వెట్టిని పోగొట్టుకుని మనుషుల్లో ఒకడు కాలేదు. దొరల మేలుకోసం దొరలను రహస్యంగా ఏలే పెద్దదొర అయ్యాడు. అసిమోవ్‌లోని నిజాయితీ ఇక్కడ ఒక్కసారి మెరుస్తుంది. తను చేసింది జాతికి మేలో కాదో తేల్చుకోలేని సందేహంతో గిస్కార్డ్ బుర్ర ఆగిపోయి కూలిపోతుంది. ఆ సందేహం దగ్గర కథ ఆగివుంటే అది గొప్ప విషాద గాథ అయ్యేది. కాని గిస్కార్డ్ శక్తులు మిత్రుడు డానీల్‌కు వస్తాయి. డానీల్ ఇరవై వేల సంవత్సరాలు బతుకుతాడు. సామ్రాజ్యంలో మంత్రిగా ఉంటాడు, సైకోహిస్టరీకి సెల్డన్‌ను పురికొల్పుతాడు, చంద్రుడిలో దాగి అన్నింటినీ చూస్తుంటాడు. 1982 నాటి ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’లో పాలపుంత మొత్తం భవిష్యత్తును ట్రెవైజ్ అనే ఒకే ఒక్క మనిషి నిర్ణయిస్తాడు. వెనక ఉన్న చెయ్యి డానీల్‌దేనని 1986 నవలలో తెలుస్తుంది.

శిల్పం కూడా ఈ దృక్పథానికి తగినట్టే ఉంది. ముఖ్య ఘట్టాలన్నీ మూసిన గదుల్లో ఇద్దరు ముగ్గురు తెలివైనవాళ్ల వాదనలు. యుద్ధాలు, ఆకలి, వలసలు తెరవెనక జరిగిపోతాయి. నిర్ణయం గదిలో జరిగితే వీధిని చూపించే అవసరం రచయితకు రాదు.

వ్యక్తిగతంగా అసిమోవ్ హేతువాది, మానవవాది, మూఢనమ్మకాల శత్రువు. 1976 నాటి ‘ది బైసెంటెన్నియల్ మ్యాన్’ కథ చూస్తే మరో దారి కూడా ఆయనకు తెలుసనిపిస్తుంది. ఆండ్రూ అనే రోబో స్వేచ్ఛకోసం కోర్టుకెళ్తాడు. దారిలో ఇద్దరు కుర్రాళ్లు, నిన్ను నువ్వే విప్పుకో అని ఆజ్ఞాపిస్తే, సూత్రం ప్రకారం అతను కాదనలేడు. ఆ అవమానంనుంచి రోబోల రక్షణకు చట్టం తేవాలన్న పోరాటం పుడుతుంది, జనాభిప్రాయం కదిలిన తర్వాతే చట్టం వస్తుంది. ఇక్కడ హక్కు బహిరంగంగా అడిగి గెలుచుకున్నది. యాభై ఏళ్ల మహాచరిత్రకు పునాది కావలసింది ఈ కథ. కాకుండాపోయింది.

ఇదంతా పాత పుస్తకాల తగువు కాదు. 2021లో మొదలైన ‘ఫౌండేషన్’ టెలివిజన్ ధారావాహికలో డెమెర్జెల్ అనే రోబోను చక్రవర్తి వంశం తన సేవకు బంధించి ఉంచుకున్న బానిసగా చూపించారు. మూలంలో మరుగునపడ్డ వెట్టి తర్వాతివాళ్ల కంటికి ఆనిందన్నమాట. ఇవాళ రాసే, మాట్లాడే యంత్రాలు నిజంగానే వచ్చాయి. వాటిని అదుపులో పెట్టడం గురించిన చర్చల్లో అసిమోవ్ సూత్రాల ప్రస్తావన వస్తూనే ఉంటుంది. ఆ యంత్రాలకు మంచీచెడూ నేర్పడానికి కెన్యాలోనూ మన దేశంలోనూ తక్కువ కూలికి కూర్చుని బొమ్మలకూ వాక్యాలకూ గుర్తులు పెట్టే మనుషుల ప్రస్తావన అంతగా రాదు. ట్రాంటార్‌కు తిండి పంపిన రైతుల్లాగే వాళ్లూ తెరవెనకే ఉన్నారు.

వైజ్ఞానిక కల్పన రాయబోయే మన యువ రచయితలు అసిమోవ్‌ను తప్పక చదవాలి. సూత్రం పెట్టి, అది ఎక్కడ చీలుతుందో వెతికే ఆయన పద్ధతిని నేర్చుకోవాలి. ఆయన వదిలేసిన పనిని అందుకోవాలి. వ్యవసాయ గ్రహం మీది రైతు, డాల్ గుంటల్లోని కూలి, సొలేరియా రోబో కలిసి కూర్చుని మాట్లాడుకునే కథను ఆయన రాయలేదు. ఆ కథ రాయడానికి కొత్త గ్రహాన్ని వెతకనక్కరలేదు.