రెండు సౌండ్ కార్డులు, ఒకే తాళం

చెక్కభజనను విడివిడిగా రికార్డు చేయడం కుదరదు. సినిమా పాటకైతే ముందు తాళం, తర్వాత వాద్యాలు, చివర గొంతు, ఒక్కోటి ఒక్కో రోజు వేసుకోవచ్చు. భజనలో గురువు నడుమ నిలబడి పల్లవి ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, పక్కన హార్మోనియం, మద్దెల. అడుగు మారేచోట గురువు కాలం పెంచుతాడు. ఎంత పెంచాలన్నది ఆ పూట జట్టు ఊపును బట్టి ఉంటుంది. చెవిలో క్లిక్ పెట్టి పాడమంటే పాట వస్తుంది, ఆట పోతుంది. కీబోర్డులో రెడీమేడ్‌గా దొరికే దరువు మీద పాడించిన భజనలు ఇప్పుడు యూట్యూబ్‌లో కొల్లలు. గురువు గొంతు ఎంత బాగున్నా వాటిలో అడుగు వినపడదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంట్లో ఒక గదిని స్టూడియో చేసుకున్నవాళ్లకు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకో, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతరకో ముందుగా పాట బయటికి రావాలి. చేతిలో ఉన్నది ఒక ల్యాప్‌టాప్, రెండు మైకులు పట్టే ఒక సౌండ్ కార్డు. జట్టు మొత్తాన్ని ఒకేసారి పట్టాలంటే గురువుకొకటి, హార్మోనియానికొకటి, మద్దెల రెండు మూతులకు రెండు, వంతపాటకు రెండు, చెక్కలకు పైన ఒకటి, గజ్జెలకు కింద ఒకటి. మొత్తం ఎనిమిది మైకులు. ఎనిమిది మైకుల కార్డు ధర చూసి వెనక్కి తగ్గి, ఉన్నదానికి తోడు ఇంకో చిన్న కార్డు తెచ్చుకుంటారు. కుప్పం వాళ్లయితే రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయొస్తారు. రెండూ తగిలించాక నాకు ఫోను వస్తుంది: "అన్నా, రెండు కార్డులు పెట్టినా ఒకటే కనిపిస్తా ఉండాది."

కార్డు చెడిపోలేదు. విండోస్‌లో రికార్డింగ్‌కు వాడే ఏసియో పద్ధతిని స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చింది. ధ్వనిని ఎక్కువ ఆలస్యం లేకుండా నేరుగా కార్డు నుంచి సాఫ్ట్‌వేర్‌కు చేర్చడం దాని పని. సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఒక్కసారికి ఒక్క ఏసియో డ్రైవర్‌నే పట్టుకుంటుంది. అందుకే రెండో కార్డు విండోస్ సౌండ్ సెట్టింగుల్లో కనిపించినా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించదు. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేరువేరు కార్డులను ఒకే పేరు కింద చూపిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా పట్టుకునేది దాన్నే. తెర మీద నాలుగు మైకుల మీటర్లూ కదులుతాయి, సంబరపడతారు. పది నిమిషాల పాట అయ్యాక విని చూస్తే చివరి చరణంలో చెక్కలు రెండేసి మోగుతుంటాయి.

అసలు సంగతి ఇక్కడుంది. ప్రతి కార్డులోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది, అదే దాని గడియారం. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48,000 సార్లు ధ్వనిని కొలవమని అది చెబుతుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకేలా కొట్టుకోవు, పది లక్షలకు కొన్ని పదుల తేడా మామూలే. ఆ తేడా పది లక్షలకు 40 అనుకుంటే పది నిమిషాలకు 24 మిల్లీసెకన్లు, గంటకు 144 మిల్లీసెకన్లు. 24 మిల్లీసెకన్లలో శబ్దం ఎనిమిది మీటర్లు పోతుంది. పాట మొదట్లో పక్కపక్కనే ఉన్న రెండు మైకులు పాట చివరికి ఎనిమిది మీటర్లు ఎడంగా జరిగినట్టు వినిపిస్తాయన్నమాట. హార్మోనియంలో ఆ తేడాను చెవి క్షమిస్తుంది కానీ చెక్క దెబ్బలో క్షమించదు. ఏసియో ఫర్ ఆల్ రెండు కార్డులను ఒక చోట చూపించగలదు గానీ రెండు గడియారాలను ఒకటి చేయలేదు. భజనలో ఇద్దరు గురువులు నిలబడి ఎవరి లెక్కన వాళ్లు తాళం వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఒకరు నడపాలి, తక్కినవాళ్లు అనుసరించాలి.

మ్యాక్ ఉన్నవాళ్లకు ఈ పని సులువు. ఆడియో మిడీ సెటప్‌లో అగ్రిగేట్ డివైస్ చేసి, మంచి కార్డును క్లాక్ సోర్స్‌గా పెట్టి, రెండోదానికి మాత్రమే డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్కు పెట్టాలి. నడిపించే కార్డుకు ఆ టిక్కు అవసరం లేదు.

విండోస్‌లో నికరమైన దారి ఏడాట్. అలెసిస్ కంపెనీ 1990ల ఆరంభంలో తన టేప్ రికార్డర్ల కోసం తెచ్చిన డిజిటల్ కనెక్షన్ ఇది. ఒక సన్నని ఆప్టికల్ కేబుల్‌లో 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది చానెళ్లు నడుస్తాయి, 96కు పోతే నాలుగే. ఏడాట్ ఇన్‌పుట్ ఉన్న కార్డు ఒకటి, ఎనిమిది మైకుల ప్రీయాంప్ ఒకటి ఉంటే కంప్యూటర్‌కు కనబడేది ఒకే కార్డు. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. ప్రీయాంప్ నుంచి కార్డుకు ఒక్క కేబులే ఉన్నప్పుడు ప్రీయాంప్ గడియారాన్ని ఇంటర్నల్‌లో ఉంచి, కార్డు గడియారాన్ని ఏడాట్‌కు మార్చాలి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే పాట నడుమ టిక్కు టిక్కుమనే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని మైకు మార్చి, కేబుల్ మార్చి, ఆఖరికి ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసినవాళ్లున్నారు. ఒక మెనూలో ఒక్క ఎంపిక మార్చితే పోయేది.

ఊళ్లలో మైక్ సెట్ నడిపే పాతకాపులకు పుస్తకాలు చదవకుండానే తెలిసిన విద్య ఒకటుంది. శబ్దం ఏ దారిన వస్తుందో ఆ దారినే తప్పును వెతకడం: మైకు, వైరు, ఆంప్లిఫయర్, స్పీకరు. ఒకసారికి ఒక్కటే మారుస్తారు, మార్చినదాన్ని విని చూడకుండా రెండోదాని జోలికి పోరు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాళ్లలో నాకు కొరతగా కనిపించేది ఇదే. డ్రైవర్, బఫర్, యూఎస్‌బీ పోర్టు, మూడూ ఒకేసారి మారుస్తారు. బాగైతే ఏది బాగుచేసిందో తెలీదు, కాకపోతే ఏది ఇంకా చెడగొట్టిందో తెలీదు.

ఆ పద్ధతినే ఇక్కడికి తెచ్చుకుందాం. రెండో కార్డు పీకేసి మొదటిదాన్ని ఒంటరిగా నడపాలి, తర్వాత రెండోదాన్ని ఒంటరిగా. విడివిడిగా రెండూ బాగుంటే తప్పు కలపడంలో ఉంది. ఇక కరెంటు సంగతి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. అడాప్టర్ లేని హబ్‌లో రెండు కార్డులూ గుచ్చితే ఆ కొంచెమే రెండూ పంచుకోవాలి. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ ఆన్ చేయగానే కార్డు మాయమైందంటే కారణం చాలావరకు ఇదే. నేరుగా ల్యాప్‌టాప్‌కు వేరువేరు పోర్టుల్లో పెట్టాలి, లేదంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడాలి. కాసేపు పనిలేకుండా వదిలితే కార్డు నిద్రపోతుంటే పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపేయాలి. గొంతు ఉన్నట్టుండి కీచుగా, వేగంగా వినిపిస్తే శాంపిల్ రేటు చూడాలి. 44.1లో పట్టిన ధ్వనిని 48గా చదివితే దాదాపు తొమ్మిది శాతం వేగం పెరిగి, శ్రుతి హార్మోనియం మీద మెట్టున్నర పైకి పోతుంది. చిటపటలొస్తే బఫర్ పెంచాలి. 256 శాంపిళ్లంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు, జట్టంతా ఎదురెదురుగా పాడేటప్పుడు 1024 పెట్టినా ఎవరికీ నష్టం లేదు. రికార్డింగ్ సాగినంతసేపు వైఫై ఆపేయడం మంచిది. దాని డ్రైవర్ వల్ల వచ్చే చిటపటలు తక్కువేం కాదు.

గుయ్యిమనే మోత వేరే కథ. మన కరెంటు 50 హెర్ట్జ్, అదీ దాని రెట్టింపూ కలిసి మోగుతాయి. ఛార్జర్ పీకి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. మోత ఆగిందంటే ఎర్త్ రెండు దారుల్లో తిరుగుతోందని అర్థం. పరికరాలన్నిటినీ ఒకే బోర్డు నుంచి నడపాలి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడాలి. ప్లగ్గులో ఎర్త్‌కుండే మూడో పిన్ను కోసేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినొద్దు, మోత కంటే ప్రాణం పెద్దది.

ఇంత చెప్పాక కూడా రెండో కార్డు నిజంగా కావాలా అన్నది అడగాల్సిన ప్రశ్నే. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు పట్టినప్పుడు మైకు లేదు, ఉన్నది ఒకే కొమ్ము. గొంతు పెద్దదైతే వెనక్కి, చిన్నదైతే ముందుకు జరగడమే అప్పటి మిక్సింగ్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమన వరుసను రాసుకున్నది మార్గరెట్ కజిన్స్ ఒక్కరే, పట్టింది కాగితం మీద. స్వరాలు నిలిచాయి కానీ ఆ రోజు పాడినవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కాగితం చెప్పలేదు. మనకు కావాల్సింది ఆ ఊపిరే, ఆ అడుగే. దానికి ఎనిమిది మైకులు తప్పనిసరి కాదు. వాకిట్లో జట్టును అర్ధచంద్రాకారంగా నిలబెట్టి, తలకంటే ఎత్తులో రెండు మంచి మైకులు పెట్టి, గురువును రెండడుగులు ముందుకు, హార్మోనియాన్ని పక్కకు జరిపి వినండి. చాలా జట్లకు ఇది చాలు. పైగా ఉన్న ఒక్క కార్డుతోనే అయిపోతుంది. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపదం చదివే విద్యార్థులు పల్లెలకు పోయేటప్పుడు మూడు కార్డుల సంచీకన్నా ఈ నేర్పును వెంట తీసుకుపోవడం మేలని నా అభిప్రాయం.

రెండు యంత్రాలు తప్పని చోటూ ఒకటుంది, మహాభారత ఉత్సవం జరిగే భారతం మిట్ట. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. మైక్ సెట్ మిక్సర్ నుంచి ఒక లైను తీసుకుంటే మాట స్పష్టంగా వస్తుంది, జనం ఉండరు. జనంలో పెట్టిన చిన్న రికార్డరులో జనం ఉంటారు, మాట దూరమవుతుంది. రెండూ కావాలి, అంటే గడియారాలూ రెండే. మొదట్లో వేదిక మీది మైకు ముందు నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టాలి, ఆఖర్న అదే చోట ఇంకోసారి. మొదటి దెబ్బ దగ్గర రెండు ట్రాకులను కలిపి, చివరి దెబ్బ కలిసేదాకా రెండోదాన్ని సాగదీయాలి. ఎప్పుడూ ఒకేలా ఉండే తేడా దూరం వల్ల వచ్చింది, పోనుపోను పెరిగే తేడా గడియారానిది. ఆరు గంటల నాటకానికి మన లెక్క ప్రకారం అది 864 మిల్లీసెకన్లు. దుర్యోధన వధ నాడు జనమంతా మట్టి బొమ్మ దగ్గరికి ఉరుకుతుంటే ఆఖరి చప్పట్లు కొట్టే తీరిక ఎవరికీ ఉండదు. అప్పుడు రెండు ట్రాకుల్లోనూ చివర్లో ఒంటిగా, తెగ్గొట్టినట్టు పడిన పలక దెబ్బ ఒకదాన్ని వెతుక్కుంటే సరిపోతుంది.