గుణకారం అంటే తిప్పడమని పాఠం ఎందుకు చెప్పదు?

ఈ ఏడాది పన్నెండో తరగతి గణితంలో సంకీర్ణ సంఖ్యల పాఠం చదివాం. అందులో ధ్రువ రూపంలో గుణకారం, భాగహారం నేర్పే భాగం గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. పాఠాన్ని తప్పుపట్టాలని కాదు. హాఫ్ ఇయర్లీ పరీక్షలో నేను చేసిన తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే అక్కడికే చేరాను.

ప్రశ్న తేలికే. 1+i మాపం √2, ఆయామం 45°. √3+i మాపం 2, ఆయామం 30°. రెండిటి లబ్ధం కావాలి. కోణాలు కూడి 75° అని సరిగ్గానే రాశాను. ఆ ఊపులో మాపాలను కూడా కూడేసి √2+2 అన్నాను. రావలసింది 2√2. "మాపాలు గుణించాలి, ఆయామాలు కూడాలి" అన్న సూత్రం నోటికి వచ్చు. పరీక్ష హాల్లో మాత్రం తారుమారైపోయింది.

పాఠంలో మంచి లేదని అనను. sin, cos కూడిక సూత్రాలతో చేసిన నిరూపణ చక్కగా ఉంది. మాస్టారు బోర్డు మీద నాలుగు వరుసల్లో ముగించారు. అయితే సూత్రం నిజమని తెలిసింది కానీ, గుణించినప్పుడు ఏం జరుగుతుందో తెలియలేదు. √3+i తో గుణించడమంటే గీతను రెండింతలు సాగదీసి 30° తిప్పడం. √2 పొడవును రెండింతలు చేస్తే 2√2 కాక ఇంకేం వస్తుంది? ఈ మాట తెలిసి ఉంటే నేను తప్పు చేసేవాణ్ణి కాదు. భాగించడం దీనికి తిరుగుడు పని: సగానికి కుదించి, 30° వెనక్కి తిప్పాలి. అప్పుడు మాపం √2/2, ఆయామం 15°.

i తో గుణిస్తే 90° తిరుగుతుంది. రెండుసార్లు తిరిగితే 180°, అంటే −1. i² = −1 ఎందుకో ఇంతకంటే సులువుగా ఎవరు చెప్పగలరు?

ఇంకో చిక్కు కూడా ఉంది. −1+i ఆయామం 135°. దాన్ని దానితోనే గుణిస్తే 270° వస్తుంది, జవాబుల పట్టికలో −90° ఉంటుంది. మాలో చాలామంది లెక్క తప్పిందనుకుని కొట్టేశారు. అటు 270° తిరిగినా, ఇటు 90° తిరిగినా చూసేది ఒకే దిక్కు. జవాబు −2i. ఒక్క బొమ్మ వేసి ఉంటే సరిపోయేది.

ధ్రువ రూపం అన్నిటికీ పనికిరాదు. కూడిక, తీసివేతలకు a+ib రూపమే సుఖం. ఏది ఎప్పుడు వాడాలో కూడా పాఠం చెప్పాలి.

ఈ "తిప్పడం" అన్న ఆలోచన కొత్తది కాదు. నార్వేలో పుట్టిన కాస్పర్ వెసెల్ అనే సర్వేయర్ 1797లో డెన్మార్క్ రాయల్ అకాడమీ ముందు దీన్ని ఉంచాడు. 1799లో అచ్చయింది, అయితే డేనిష్ భాషలో. బయటివాళ్ళు దాదాపు వందేళ్ళు పట్టించుకోలేదు. ఫ్రెంచి అనువాదం 1897లో వచ్చింది. ఈలోగా 1806లో ఇదే సంగతి రాసిన ఆర్గాండ్ పేరు ఆ తలానికి స్థిరపడిపోయింది.

తెలుగులో చదివే మాకు ఈ కథ గుచ్చుకుంటుంది. చిన్న భాషలో రాసినంత మాత్రాన వెసెల్ ఆలోచన చిన్నది కాలేదు. వచ్చే ఏడు కాలేజీలో ఆయామం "ఆర్గ్యుమెంట్" అవుతుంది, మాపం "మాడ్యులస్" అవుతుంది. బట్టీ పట్టిన వాక్యం ఆ మార్పులో జారిపోవచ్చు. తిరిగే గీత బొమ్మ మాత్రం ఏ భాషలోకైనా మనతో వస్తుంది. అందుకే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మాట ఒకటే: సూత్రం రాసే ముందు బొమ్మ గీయండి.