ప్రపంచ ఆనకట్టల కమిషను నివేదిక: గుణదోష విచారణ

పునాది మట్టం నుండి 15 మీటర్లు గాని, అంతకు మించి గాని ఎత్తున్న కట్టను ఇంజనీర్లు పెద్ద ఆనకట్ట అంటారు. ఇరువదవ శతాబ్దం ముగిసేనాటికి ఇట్టివి ప్రపంచంలో 45,000 పైగా ఉన్నవి. వీటివల్ల ఎంత మేలు కలిగినది, దానికి మూల్యం ఎవరు చెల్లించినారు అన్న ప్రశ్నలను విచారించిన నివేదిక ‘ఆనకట్టలు – అభివృద్ధి’. ఇది 2000 నవంబరులో లండనులో వెలువడినది.

నివేదిక కన్న దానిని తయారుచేసిన పద్ధతి విశేషమైనది. 1997లో ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కలిసి, ఆనకట్టలు కట్టేవారిని, వద్దనేవారిని స్విట్జర్లండులో ఒకచోట కూర్చుండబెట్టినవి. మరుసటి సంవత్సరం దక్షిణాఫ్రికాకు చెందిన కాదర్ అస్మల్ అధ్యక్షతన 12 మంది సభ్యులతో కమిషను ఏర్పడినది. విద్యుద్యంత్రాలు తయారుచేసే కంపెనీ అధిపతి, నర్మదా ఉద్యమ నాయకురాలు మేధా పాట్కర్ అందులో సహసభ్యులు.

ఆనకట్టలవల్ల నిర్వాసితులైనవారు 4 కోట్ల నుండి 8 కోట్ల వరకు ఉండవచ్చునని నివేదిక చెప్పుచున్నది. ప్రయోగశాలలో ఏ విద్యార్థి అయినా ‘నాలుగు గాని, ఎనిమిది గాని’ అని వ్రాసుకొని వస్తే మనం ఒప్పుకొంటామా? అయితే ఈ లోపం కమిషనుది కాదు. జలాశయాల నీటిని ఘనపుటడుగులలో లెక్కించినవారు ఊళ్లు విడిచినవారిని సరిగా లెక్కించలేదు. పరస్పర విరోధులు ఈ సంగతిని అంగీకరించి సంతకాలు చేయుట నివేదికలోని ప్రధాన గుణం. పాట్కర్ తన వ్యాఖ్యను విడిగా జతపరచినా, సంతకం మానలేదు.

ఇక దోషం. నివేదికలో 26 మార్గసూత్రాలు ఉన్నవి. వాటిని అమలుజరపవలసినది ప్రభుత్వాలు. కాని సభ్యులు వ్యక్తులుగా కూర్చున్నారే గాని ప్రభుత్వ ప్రతినిధులుగా కాదు. 1998లో మన ప్రభుత్వం కమిషను పర్యటనకు అనుమతిని ఉపసంహరించినది. దక్షిణాసియా విచారణ కొలంబోలో జరుపవలసి వచ్చినది. 2001లో నివేదికను కూడ తిరస్కరించినది. కమిషను పుట్టుకకు కారణమైన ప్రపంచ బ్యాంకు సైతం ఆ సూత్రాలను తప్పనిసరి నియమాలుగా స్వీకరించలేదు. నిర్ణయాధికారం గలవారు మొదటినుండి బాధ్యత వహించని కూటమి ఎంత నిజాన్ని కనుగొన్నా, అది సలహాగానే మిగిలిపోవును.

అట్లని ఈ శ్రమ వ్యర్థమనరాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం గురించి పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు కట్ట ఎత్తు, ఆయకట్టుతోపాటు, మునిగిన ఊళ్లెన్ని, ఆ ఊళ్లవారు ఎక్కడికి పోయినారు అన్న ప్రశ్నలను కూడ నల్లబల్లపై వ్రాయవలెను. ఈ నివేదిక మనకు నేర్పినది అదే.