ముద్దకు తూకం

ఆదివారం మధ్యాహ్నం వడ్డన అయ్యాక మా తమ్ముడి కూతురు పళ్లెం మీద ఫోను పట్టుకుని నిలబడింది. ఫోటో కోసమేమో అనుకున్నాను. కాదట. "పెద్దనాయనా, ఈ ముద్ద ఎంత తూగుతుంది? చిన్నదని పెట్టాలా, మీడియమనా?" అంది. ఇక్కడ సారు చల్లారిపోతోంది. రాగిముద్ద అంటే వేడి మీద తుంచి, సారులో పొర్లించి, నమలకుండా మింగాల్సిన వస్తువు. దానికీ సైజు చెప్పాల్సిన రోజొచ్చింది. ఈ పిల్ల పొద్దున టేకల్‌లో రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగానికి పోయి రాత్రికి దిగుతుంది. తిన్నదల్లా ఫోన్లో ఎక్కిస్తుంది. అది కెలోరీలు, ప్రోటీను, ఐరను లెక్కగట్టి చెబుతుంది.

నా రాగి పిచ్చి మీకు కొత్త కాదు. 'మళ్లీ లక్ష్మణయ్య దగ్గరికే వస్తాడు చూడు' అనుకుంటున్నారు కదా, వస్తాను. మండ్య వి.సి. ఫారంలో మన రాగిని ఆఫ్రికా రాగితో కలిపి ఇండాఫ్ రకాలు తీసిన మనిషి ఆయన. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాలు రాగిని కనిపెట్టాయి గానీ, మన కోలారు జిల్లా దాన్ని ఎప్పుడూ పోగొట్టుకోలేదు. అలాంటి నాకు, ముద్దను గ్రాముల్లో అడిగితే ఒళ్లు మండదా?

మంట చల్లారక ముందే ఫోను తప్పు కూడా పట్టాను. అమ్మాయి వంటింటి తక్కెడలో ముద్ద పెట్టి చూస్తే మూడు వందల గ్రాములకు అటూఇటూగా ఉంది. జాబితాలో 'రాగి' అని కనబడితే దానికెదురుగా అంతా ఎక్కించింది. ఫోను వెయ్యికి దగ్గర్లో కెలోరీలు చూపించింది! అది పిండి లెక్క. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో వంద గ్రాముల రాగికి 320 కెలోరీలు, 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ ముద్దలో పిండికి రెట్టింపు దాకా నీళ్లుంటాయి. మూడు వందల గ్రాముల ముద్దలో పిండి వంద గ్రాములే. ఆ లెక్కన ఫోను నా ముద్దను మూడు ముద్దలు చేసింది.

బస్సారు దగ్గర ఇంకా తికమక. గట్టు మీద కోసుకొచ్చిన నాలుగైదు రకాల ఆకు, అనపగింజలు కలిపి ఉడకేస్తారు. ఆ నీళ్లు వంచి, ఉడికినదాంట్లో ఓ పిడికెడు మసాలాతో నూరి కలిపితే సారు. మిగిలింది తాలింపు పెడితే పల్యం. ఒక కుండ, రెండు కూరలు. ఆకులో సారం ఎంత నీళ్లలోకి దిగింది, ఎంత పల్యంలో నిలిచింది? ఫోను రెంటినీ వేరువేరు కుండల్లో వండినట్టు రాసుకుంది. ఆ పోషకాహార సంస్థ పట్టికల్లో 528 పదార్థాలు ఉన్నాయి, న్యూట్రిఫై ఇండియా నౌ అని సొంత యాప్ కూడా తెచ్చారు. అంత పని చేసినవాళ్లు మాత్రం మా గట్టు మీది ఆకు పాళ్లు ఎక్కడ చెప్పగలరు?

ఇలా ఇంకో గంట తిట్టేవాణ్ణే. తిడుతుంటే మా అమ్మ నోటుబుక్కు గుర్తొచ్చింది.

మా వైపు పాడి ఉన్న ఇళ్లలో పొద్దునా సాయంత్రం పాలడెయిరీకి పోవడం అందరికీ తెలిసిందే. క్యాను దించగానే శాంపిలు తీసి మిషనులో పెడతారు. ఫ్యాట్ ఇంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఇంత అని చీటీ వస్తుంది. ఫ్యాట్ మూడున్నరకు దిగిందంటే అమ్మ మొహం మాడిపోయేది. రూళ్ల నోటుబుక్కులో ఎడమవైపు ఆవుకు పెట్టింది రాసేది: బూసా ఎంత, చెక్క ఎంత, పచ్చిమేత ఎన్ని మోపులు. కుడివైపు చీటీ అంకెలు. చెక్క తగ్గించిన వారం కుడివైపు ఏం జరిగిందో వేలు పెట్టి చూపించేది. సీమావు ఈనిన కొత్తలో మేత పెంచడం, కాల్షియం నీళ్లు తాగించడం, అన్నీ తారీకులతో సహా. పెద్ద చదువు లేని మనిషి. డాక్టరొస్తే ఆ బుక్కు ముందు పెట్టేది.

అదే మనిషి ఇంట్లో అందరూ తిన్నాక తినేది. కుండ అడుగున గీకిన ముద్ద, గింజలన్నీ మా పళ్లేల్లోకి పోయాక మిగిలిన పలచటి సారు. అదీ చాలకపోతే 'నాకు ఆకలి లేదులే' అని మజ్జిగ తాగి లేచేది. ఆవు ఏం తిన్నదో ఇంటిల్లిపాదికీ తెలుసు. అమ్మ ఏం తిన్నదో ఏ బుక్కులోనూ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు ఆ గీకుడు చప్పుడు వినిపిస్తుంది.

ఇంతకీ అమ్మాయి ఫోను పట్టుకున్నది తన నడుము కోసం కాదని తరవాత తెలిసింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువొచ్చిందట. "ఇంట్లో ఎవరూ అడగరు పెద్దనాయనా, ఇదైనా పూటపూటకీ ఏం తిన్నావని అడుగుతుంది," అంది. ఊరుకోలేదు, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆమె తిన్నదీ ఎక్కించింది. ముద్ద పిండి లెక్కకు దిద్దాక కూడా ఒకటి మాత్రం మారలేదు: నా పళ్లెంలో ప్రోటీను ఎంత ఉందో, ఆమె పళ్లెంలో అందులో సగం. అన్నం మీదే టీ తాగితే ఐరను సరిగా ఒంటబట్టదని కూడా చెప్పింది అమ్మాయి. మా ఆవిడకు ముద్ద దిగీ దిగకముందే టీ పడాలి.

ఫోను గ్రాముల్లో తప్పింది. పళ్లేనికీ పళ్లేనికీ మధ్య తేడాలో మాత్రం తప్పలేదు. నేను ఇన్నేళ్లుగా ఎదురుగా కూర్చుని తిన్న బల్ల మీదే ఉందా తేడా.

అమ్మాయి సోమవారం మళ్లీ ఉద్యోగానికి రైలెక్కింది. మా ఆవిడ ఫోను ముట్టనంది. నేనే అటక మీంచి ఒక పాత రూళ్ల పుస్తకం దించి, ఆమె పేరు రాసి, గరిటెతో అడుగునుంచి గింజలు వేసుకున్నావా అని అడిగాను.

"ఏం, సాయంత్రానికి నాకూ ఫ్యాట్ చూస్తారా?" అంది. టీ మాత్రం గంట ఆలస్యంగా తాగుతోంది.