భీం విగ్రహం, భూమి ప్రశ్న

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వచ్చింది. ఇంద్రవెల్లి కాల్పులు జరిగి అప్పటికి రెండేళ్లు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన భీంను, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో నెత్తురు చిందించిన గోండులను ఆనాటి పాఠకుడు పక్కపక్కన పెట్టి చదువుకున్నాడు. ఇంద్రవెల్లి మృతులు సర్కారు లెక్కలో 13 మంది, ప్రజల లెక్కలో అంతకు ఎన్నో రెట్లు. రెండు ఘటనల మధ్య నలభై ఏళ్లు గడిచినా ప్రశ్న ఒక్కటే: అడవి నరికి, చెలక చేసి, దున్నుకున్న భూమి ఎవరిది?

కొన్నేళ్ల కిందట ఉట్నూరులో విద్యార్థుల ముందు ఈ నవల గురించి మాట్లాడాను. చివర ఒక లంబాడా కుర్రవాడు లేచి, ‘ఈ నవలను మేం కూడా మాదే అనుకోవచ్చా సార్?’ అన్నాడు. నేను నోరు తెరవకముందే వెనక నుంచి ఒక గోండు కుర్రవాడు, ‘మా భూములు ఎవరి చేతుల్ల ఉన్నయో ముందుగాల అది అడుగుండ్రి సార్’ అన్నాడు. పీడితులంతా ఒక్కటేనని ఏదో చెప్పి సభ ముగించాను. అది జవాబు కాదని ఇద్దరి ముఖాలూ చెప్పాయి. ఆ రోజు ఎగవేసిన జవాబు కోసమే ఈ వ్యాసం.

గోండు కుర్రవాడి మాట వెనుక చరిత్ర ఉంది. జనం 1/70 చట్టమని పిలిచే 1970 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, పార్లమెంటు చేసిన సవరణతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. ఆంధ్ర ప్రాంతంలో వారికి ఆ గుర్తింపు అప్పటికే ఉంది. పొరుగున మహారాష్ట్రలో లేదు. దాంతో అటునుంచి వలసలు పెరిగాయి. గోండు భూమి లంబాడా పేరు మీదికి మారితే 1/70 అడ్డు రాదు. హాస్టలు సీటు దగ్గరా, టీచరు ఉద్యోగం దగ్గరా చదువులో ముందున్నవారిదే పైచేయి అయింది. గోండు, కోలాం, పర్ధాన్, తోటి ప్రజల ఆగ్రహానికి ఈ భౌతిక పునాది ఉంది. దాన్ని జాతి విద్వేషమని కొట్టిపారేయడం విమర్శ కాదు, సోమరితనం.

లంబాడా కుర్రవాడి ప్రశ్నలోనూ న్యాయం ఉంది. ఆ జాబితా రాసింది తండావాసులు కాదు. పేద లంబాడా రైతు కూడా పత్తి విత్తనానికి సావుకారు గడపే ఎక్కుతాడు. పోడు దున్నితే జంగ్లాతోళ్లు అతని నాగలినీ గుంజుకుపోతారు. ఏజెన్సీ భూములు మింగినవారిలో ఏ తెగకూ చెందని వడ్డీ వ్యాపారులు, భూస్వాములు ఉన్నారు. 2017 డిసెంబరులో ఉట్నూరు ప్రాంతం గోండు, లంబాడా ఘర్షణలతో భగ్గుమన్నప్పుడు వారి పేరు దాదాపు వినబడలేదు.

పార్టీల పంట పండేది ఇక్కడే. ఆదిలాబాద్ లోక్‌సభ స్థానం, ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ అసెంబ్లీ స్థానాలు గిరిజనులకు రిజర్వు. టికెట్టు గోండుకా, లంబాడాకా అని ప్రతి పార్టీ తూకం వేస్తుంది. మనోడని ఓటేస్తే ఏమైంది? 2018లో ఆసిఫాబాద్ ఓటర్లు ఆత్రం సక్కును కాంగ్రెస్ గుర్తు మీద గెలిపిస్తే, నెలలు తిరక్కుండానే ఆయన టీఆర్‌ఎస్ వైపు నడిచారు. తుడుందెబ్బ నాయకుడు సోయం బాపూరావు 2018లో బోథ్‌లో కాంగ్రెస్ అభ్యర్థి, 2019లో బీజేపీ ఎంపీ. ఖానాపూర్‌లో టీఆర్‌ఎస్ తరఫున రెండుసార్లు గెలిచిన రేఖా నాయక్, 2023లో టికెట్ దక్కక పార్టీ విడిచారు. నాయకులను నమ్మకపోవడం జనం అజ్ఞానం కాదు, అనుభవం నేర్పిన పాఠం. అయితే ఆ అపనమ్మకాన్ని పక్క ఊరి తండా మీదికో, గూడెం మీదికో మళ్లించగలిగినంత కాలం నాయకుడికి భయం లేదు.

భీం పేరు మాత్రం అందరికీ కావాలి. 2016లో జిల్లాకే ఆయన పేరు పెట్టారు. 2020 అక్టోబరులో ‘ఆర్‌ఆర్‌ఆర్’ టీజర్‌లో భీం నెత్తిన టోపీ కనిపించగానే బీజేపీ నాయకులు హెచ్చరికలకు దిగారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. గోండుకూ లంబాడాకూ కలిసి తగిలిన దెబ్బ అది. నా చెవిన పడినంతలో, ఓట్లడిగే నాయకుల గొంతు టోపీ మీద లేచినంతగా దాని మీద లేవలేదు.

మన విమర్శకూ ఇందులో బాధ్యత ఉంది. నవలలోని తిరుగుబాటును మెచ్చుకున్నాం. ఆ తిరుగుబాటు అడిగిన భూమి తర్వాత ఎవరి నుంచి ఎవరి చేతికి, ఏ కాగితం మీద పోయిందో వెతికే రచన కావాలని గట్టిగా అడగలేదు. నేనైతే అడగలేదు.

మళ్లీ ఉట్నూరు పోతే గోండు కుర్రవాడితో అంటాను: నీ ప్రశ్న సరైనదే, దాన్ని తండా దగ్గర ఆపకు, సావుకారు ఇంటిదాకా, సర్కారు కచేరీదాకా తీసుకుపో. లంబాడా కుర్రవాడితో అంటాను: ఈ నవల నీది కూడా, కానీ భూమి ఎవరిదన్న దాని ప్రశ్నను మీ తండాలోనూ అడగాలి. ఇద్దరూ ఒప్పుకోకపోవచ్చు. కనీసం ఈసారి తప్పించుకున్నానని అనలేరు.