ముందు గేరు, తర్వాతే హెచ్‌పీ

ట్రాక్టర్ కొనడానికి షోరూంకు వెళ్లిన రైతు మొదట అడిగేది 'ఎన్ని హెచ్‌పీ' అని. అమ్మేవాళ్లు కూడా అక్కణ్నుంచే మొదలుపెడతారు. ధర, ఫైనాన్స్, డౌన్‌పేమెంట్, కిస్తీల దాకా మాట సాగుతుంది గానీ గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి 'ఎనిమిది ముందుకు, రెండు వెనక్కి' అన్న ఒక్క ముక్కతో సరి. ఈ వరస తలకిందులుగా ఉందన్నది నా గట్టి అభిప్రాయం. మన నేలకు, మన పనులకు గేర్‌బాక్స్, క్లచ్ ముందు చూసుకోవాలి. ఇంజిన్ సంగతి ఆ తర్వాత. దేశంలో ఏటా లక్షల ట్రాక్టర్లు అమ్ముడుపోతున్నాయి. వాటిలో సగానికి పైగా 41 నుంచి 50 హెచ్‌పీ మధ్యవే. అంటే చాలామంది రైతులు దాదాపు ఒకే శక్తి ఉన్న బండ్లలోంచి ఒకటి ఎంచుకుంటున్నారు. అలాంటప్పుడు బండికీ బండికీ తేడా ఎక్కడుందో హెచ్‌పీ అంకె చెప్పదు.

నల్లగొండ పక్కనున్న పానగల్‌నే తీసుకుందాం. కందూరు చోడులు ఏలిన ఊరు, ఛాయాసోమేశ్వరాలయంతో పదిమందికీ తెలిసిన ఊరు. అక్కడి ఉదయసముద్రం చెరువు ఇప్పుడు కృష్ణా నీళ్లు నింపుకునే రిజర్వాయరు. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లను ఎత్తిపోస్తే కాలువల వెంట ఇంతదూరం వస్తాయి. నల్లగొండ చుట్టుపక్కల నీళ్లందిన చోటల్లా వరి, అందని చెల్కల్లో పత్తి, బోర్ల కింద బత్తాయి తోటలు. కాబట్టి ఇక్కడ ఒకే ట్రాక్టర్ జూలైలో నాట్లకు మడిని బురదగా దున్నే కరిగట చేయాలి, రాళ్లున్న ఎర్ర చెల్కలో కల్టివేటర్ లాగాలి, బత్తాయి చెట్ల సాళ్ల మధ్య ఇరుకులో తిరగాలి, కోతలయ్యాక వడ్ల ట్రాలీని కొనుగోలు కేంద్రానికో మిర్యాలగూడ మిల్లుకో చేర్చాలి. తెలంగాణలో సగటు కమతం రెండున్నర ఎకరాలే కనుక, కొన్న ట్రాక్టర్ సొంత పొలం కంటే కిరాయికే ఎక్కువ నడుస్తుంది. ఈ నాలుగు పనులకూ ఇంజిన్ ఒకటే. పనిని బట్టి మారేది గేరు.

హెచ్‌పీ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు తేల్చుకోవాలి. ఇంజిన్‌కు తిప్పే బలం ఒకటుంటుంది, దాన్నే టార్క్ అంటారు. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది ఇంకొకటి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే హార్స్‌పవర్. 45 హెచ్‌పీ ఇంజిన్ ఒకటి ఆ శక్తిని 2,000 చుట్ల దగ్గర ఇస్తుంది, ఇంకొకటి 2,200 దగ్గర ఇస్తుంది అనుకోండి. మొదటిదానికి అక్కడ టార్క్ సుమారు 158 న్యూటన్ మీటర్లు, రెండోదానికి 144. అంకె ఒకటే, బలంలో పది శాతం తేడా. పైగా పొలంలో బండిని ఆ వేగం దాకా ఎవరూ తొక్కిపట్టరు. పని ఎక్కువగా 1,500, 1,800 చుట్ల మధ్య నడుస్తుంది, అక్కడ ఎంత బలముందో బానెట్ మీది అంకెలో ఉండదు. వెనక రోటవేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టుకు చేరేసరికి ఇంజిన్ శక్తిలో పదో వంతుకు అటూ ఇటూ దారిలోనే పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటికి తగ్గ ఇంజిన్ ఖరీదైనది కనుక, ఆ గీతకు కాస్త ఇవతలే ఆగిన మోడళ్లు ఎక్కువ. ఆ అంకెను ఖాయం చేసింది పొలం అవసరం ఒక్కటే కాదని తెలుసుకోవాలి.

ఇక కరిగటలోకి దిగుదాం, నా వాదనకు బలమంతా అక్కడే ఉంది. రోటవేటర్ సరిగ్గా పనిచేయాలంటే పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అందుకు ఇంజిన్ ఒక ఖాయమైన వేగంలో, ఉదాహరణకు 1,800 దగ్గర, కదలకుండా ఉండాలి. ఆక్సిలరేటర్ తగ్గిస్తే రోటవేటర్ చుట్లూ తగ్గుతాయి. కాబట్టి బండి నడక మార్చాలంటే గేరు మార్చడం తప్ప దారి లేదు. ఒక గేరులో గంటకు రెండున్నర కిలోమీటర్లు, ఆ పై గేరులో ఏకంగా నాలుగు వచ్చే బండి ఒకటి ఉందనుకుందాం. ఆ పొలానికి తగిన నడక 3.2 కిలోమీటర్లు. నాలుగులో వేస్తే బురద బరువుకు ఇంజిన్ మూలుగుతుంది, పొగ కక్కుతుంది, చుట్లు పడిపోతాయి. రెండున్నరకు దిగితే ఇంజిన్ సుఖంగానే ఉంటుంది గానీ కత్తులు ఒకే మట్టిని పదేపదే కొడతాయి. ఒకటిన్నర మీటర్ల రోటవేటర్‌తో మలుపులు, వరసల మీద వరసలు పడటం వదిలేసి లెక్క కడితే, రెండున్నర కిలోమీటర్ల నడకలో ఎకరానికి 65 నిమిషాలు, 3.2 నడకలో 51 నిమిషాలు పడుతుంది. ఎకరానికి 14 నిమిషాలు. సీజన్‌లో వంద ఎకరాలు తిరిగే బండికి అది 23 గంటల పైచిలుకు. కిరాయి గంట లెక్కన ఉన్న చోట ఆ గంటల డబ్బు కట్టేది ట్రాక్టర్ యజమాని కాదు, ఆ గేర్‌బాక్స్‌ను ఎంచుకోవడంలో ఏ పాత్రా లేని చిన్న రైతు. 50 హెచ్‌పీ ఇంజిన్ ఉన్నా గేర్ల మధ్య ఆ ఖాళీ పూడదు. ఇంజిన్ ఎంత మంచిదైనా, దాని బలాన్ని నేలకు కావలసిన నడకలోకి దించేది గేర్‌బాక్సే. వెనక టైరు ఒక్క చుట్టుకు సుమారు నాలుగు మీటర్లు పోతుంది. రెండున్నర కిలోమీటర్ల నడకలో ఆ టైరు నిమిషానికి పది పదకొండు సార్లే తిరుగుతుంది, ఇంజిన్ 1,800 సార్లు. అంటే టైరు ఒక చుట్టుకు ఇంజిన్ దాదాపు 170 చుట్లు. కారు పై గేరులో పోతున్నప్పుడు ఇది మూడు చుట్లకు అటూ ఇటూ. ఇంతటి తగ్గింపు చేసే పెట్టెను ఎంపికలో చివరికి నెట్టడం ఏం న్యాయం?

క్లచ్ సంగతీ ఇలాంటిదే. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కితే చక్రాలతోపాటు పీటీఓకు పోయే శక్తీ ఆగిపోతుంది. కరిగటలో గేరు మార్చాలని తొక్కగానే రోటవేటర్ కూడా బురదలో నిలిచిపోతుంది. మళ్లీ వదిలినప్పుడు ఆగిన కత్తులనూ, దిగబడ్డ చక్రాలనూ ఇంజిన్ ఒకేసారి కదిలించాలి. ఆ దెబ్బ క్లచ్ ప్లేటుకూ, పీటీఓ షాఫ్టుకూ తగులుతుంది. డ్యూయల్ క్లచ్‌లో పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, కత్తులు తిరుగుతూనే ఉంటాయి. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. పీటీఓకు వేరే చేతి లివర్ ఉన్న బండ్లు ఇంకా మేలు. చిన్న చిన్న మడుల్లో ఒడ్డు దగ్గర ముందుకూ వెనక్కీ ఎన్నిసార్లు పోవాలో వరి చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకే లివర్‌తో ముందుకు, వెనక్కు మార్చే షటిల్ ఉంటే ఆ పని సగం తేలికవుతుంది. బత్తాయి తోటలోనైతే, నా లెక్కలో, అయిదు హెచ్‌పీ ఎక్కువ ఉన్నదానికంటే ఆ షటిల్ ఉన్న బండే నయం.

హైదరాబాద్ రోడ్ల మీద ఇప్పుడు కనబడే ఖరీదైన స్పోర్ట్స్ కార్ల లోకం గేర్‌బాక్స్, క్లచ్‌ల విలువను మనకంటే ముందే గుర్తించింది. అందులో రెండు పేర్లకు ట్రాక్టర్లతో పాత చుట్టరికం కూడా ఉంది. ఇటలీలో ఫెరూచ్చో లంబోర్గిని 1948లో ట్రాక్టర్లతో మొదలుపెట్టి 1963లో కార్లలోకి దిగాడు. పోర్షే పేరున్న డీజిల్ ట్రాక్టర్లు 1956 నుంచి 1963 దాకా జర్మనీలో తయారయ్యాయి. వాటిలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ నడుమ నూనెతో పనిచేసే కప్లింగ్ ఉండేది. బండి కుదుపు లేకుండా కదలడానికి, అలవాటు లేని కాలు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినా లోపలి పళ్లు దెబ్బతినకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. అదే పోర్షే 2013లో 911 జీటీ3 కారును పీడీకే అనే గేర్‌బాక్స్‌తోనే తెచ్చింది. అందులోనూ రెండు క్లచ్‌లుంటాయి, కాకపోతే ఒకటి బేసి గేర్లకు, ఇంకొకటి సరి గేర్లకు. మనిషి చెయ్యి అందుకోలేనంత త్వరగా అది గేరు మారుస్తుంది. అయినా చేత్తో గేరు వేసుకోవాలనుకునేవాళ్ల కోరిక చావలేదు. 2016లో మాన్యువల్ గేర్లు మాత్రమే ఉన్న 911 ఆర్ కారును 991 మాత్రమే చేసి అమ్మింది. 2017 నాటికి జీటీ3లో మాన్యువల్‌ను అదనపు ధర లేకుండా మళ్లీ ఇచ్చింది. కోట్లు పెట్టేవాళ్లు ఇంజిన్ అదే అయినా గేర్‌బాక్స్ కోసం పట్టుబట్టారు. వాళ్లకు కావలసింది నడపడంలోని ఆనందం, అది గేరు చేతిలో ఉంటేనే దక్కుతుందనుకున్నారు. మన రైతుకు కావలసింది నాటు వేళకు పూర్తయిన కరిగట. అది కూడా గేరు చేతిలోనే ఉంది. అప్పు తీర్చాల్సిన బండి గనుక వాళ్లకంటే మన రైతు మరింత పట్టుబట్టాలి.

ఇంజిన్ పెద్దదైతే ఏ గేరులోనైనా లాగేస్తుంది కదా అనే వాదన ఒకటుంది. ఇందులో కొంత నిజముంది. చెల్కలో లోతుగా దున్నేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఇంజిన్ బలం పనికొస్తుంది, కాదనను. కానీ చక్రం జారడం మొదలయ్యాక ఎంత బలమైనా టైరు కిందే వృథా అవుతుంది. నేలను పట్టుకోవాలంటే బరువుండాలి. ఆ బరువే మాగాణిలో శత్రువు. 50 హెచ్‌పీ బండి రెండు టన్నులకు అటూ ఇటూ తూగుతుంది. నీళ్లు నిలిచిన మడిలో అది ఎంత లోతుకు దిగబడితే అంత శక్తి తనను తాను బయటికి లాక్కోవడానికే ఖర్చవుతుంది. కింది గట్టి పొర తెగిపోతే తర్వాతి ఏడు ఆ మడి మరింత దిగబడుతుంది. మరి అమ్మకపు ధర, కిరాయి గిరాకీ పెద్ద హెచ్‌పీకే కదా అంటే, అదీ నిజమే. 45 నుంచి 50 మధ్య బండికి ఉన్న గిరాకీ 35కు లేదు. అలాంటప్పుడు 45 హెచ్‌పీ బండే కొనండి, కాని ఆ తరగతిలో ఉన్న మోడళ్లను గేర్లను బట్టి జల్లెడ పట్టండి. గేరును ముందు చూడమంటున్నానే తప్ప చిన్న ఇంజిన్ కొనమని నేను చెప్పడం లేదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మెకానిక్‌ల నుంచి వస్తుంది. గేర్లు పెరిగితే పళ్లు, బేరింగులు, సింక్రోనైజర్లు పెరుగుతాయి. పాత రకం పెట్టెను నల్లగొండలో ఏ మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడు, కొత్తదానికి కంపెనీ సర్వీసు దాకా పోవాలి, నాట్ల కాలంలో రెండు రోజులు బండి ఆగితే ఆ నష్టం ఎవరు పూడుస్తారు? ఈ మాటకు నేను తలవంచుతాను. అందుకే 12 గేర్లున్నది 8 గేర్లున్నదానికంటే మంచిదని అనను. చూడాల్సింది ఎన్ని గేర్లని కాదు, ఎక్కడున్నాయని. గంటకు రెండు నుంచి అయిదు కిలోమీటర్ల మధ్య, పీటీఓ 540 తిరుగుతుండగా, మూడు నడకలు దొరికే ఎనిమిది గేర్ల బండి, ఆ జాగాలో ఒకటే ఇచ్చి మిగతావన్నీ రోడ్డు వేగాలకు పంచిన పదిహేను గేర్ల బండికంటే ఎన్నో రెట్లు మేలు. నడిపేది జీతం డ్రైవరు, అతనికి ఇన్ని గేర్లు ఎందుకని కొందరు యజమానులంటారు. ఆ ఆలోచన నాకు బాధ కలిగిస్తుంది. రోజుకు ఎనిమిది, పది గంటలు కాళ్ల మధ్య లివర్లతో కుస్తీ పడేది అతనే. లివర్లు పక్కకు ఉన్న సైడ్‌షిఫ్ట్ బండి అతని మోకాళ్లకు, నడుముకు ఇచ్చే ఊరట చిన్నది కాదు. బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి.

ట్రాలీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. లోడుతో కట్ట దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు చాలామందికి ఉంది. మన ట్రాలీల్లో ఎక్కువ వాటికి సొంత బ్రేకులుండవు. వెనక నుంచి తోసే బరువును పట్టి ఉంచగలిగేది కింది గేరు, దాని వెనకున్న ఇంజిన్. న్యూట్రల్‌లో ఆ రెండూ లేనట్టే. ఎక్కిన గేరులోనే దిగాలి, దయచేసి ఈ విషయంలో లీటరు లెక్కలు వేయకండి.

ఎద్దుల కాలంలో మన పెద్దలు అంగట్లో కొమ్ములూ మూపురమూ చూసి మురిసిపోయి బేరం చేయలేదు, కాడికి కట్టి నాలుగడుగులు నడిపించి చూశారు. ట్రాక్టర్‌కూ ఆ పరీక్ష పెట్టాలి. షోరూం ముందు సిమెంటు గచ్చు మీద కాదు, నీళ్లు పెట్టిన మీ మడిలో, మీరు వాడబోయే రోటవేటర్ తగిలించి, ఒక్కో గేరులో ఒడ్డు నుంచి ఒడ్డుకు నడిపించమని అడగండి. ఇంజిన్ ఎన్ని చుట్ల దగ్గర పీటీఓ 540 ఇస్తుందో, ఆ చుట్ల దగ్గర ఏ గేరులో గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో కాగితం మీద రాసిమ్మనండి. ఈ వివరాలు దేవరహస్యాలేమీ కావు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి, గేరు వారీగా వేగం, పీటీఓ శక్తి, డీజిల్ ఖర్చు అన్నీ నివేదికల్లో ప్రచురిస్తుంది. కాకపోతే అవి ఇంగ్లిషులో, పదుల పేజీల్లో ఉంటాయి. దక్షిణాది రైతుల కోసం అలాంటి సంస్థే మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో శిక్షణ ఇస్తోంది. వ్యవసాయ శాఖ పూనుకుంటే ప్రతి మోడల్‌కూ ఆ గేర్ల పట్టికను ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేయించి, ప్రతి షోరూంలో ధర పక్కనే అతికించమని డీలర్లను ఆదేశించడం పెద్ద పనేమీ కాదు. అది జరిగేదాకా, ఆ పట్టిక చూపించలేని చోట అడ్వాన్సు కట్టకండి.